జనాభా అంకెలు ఇస్తున్నారు సరే, వాటి హద్దులేవి?

తెలంగాణ జనాభా ఎంత అని గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లల్ని అడిగి చూడండి. 2011 లెక్కల ప్రకారం 3,51,93,978 అని ఒకరంటారు, 3,50,03,674 అని ఇంకొకరంటారు. ఆంధ్రప్రదేశ్‌కీ అంతే. ఒక పుస్తకంలో 4,93,86,799 ఉంటుంది, ఇంకోదాంట్లో 4,95,77,103. ఏదీ తప్పు కాదు. ఇటు తగ్గిందీ అటు పెరిగిందీ ఒక్కటే, 1,90,304 మంది. పోలవరం ముంపు కోసమని 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిపిన మండలాల జనం వాళ్లు. లెక్క రాసుకున్నది 2011లో, రాష్ట్రం హద్దు మారింది 2014లో. ఏ అంకె ఏ హద్దుకి చెందిందో రాయకుండా పుస్తకాలు అచ్చేస్తే పిల్లలు తికమకపడక ఏం చేస్తారు?

నేను ఆరోగ్య కార్యక్రమాలకి మ్యాపులు తయారు చేసే పనిలో ఉంటాను. ఏ సబ్‌సెంటర్ కింద ఎంతమంది ఉన్నారు, అందులో ఆరేళ్ల లోపు పిల్లలెందరు, ఏ గూడెం నుంచి పీహెచ్‌సీ ఎంత దూరం, రోజూ ఇవే ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పాలంటే రెండు కావాలి: ఊరి అంకె, ఊరి హద్దు. మొదటిది సెన్సస్ వాళ్లు ఎక్సెల్‌లో శుభ్రంగా ఇస్తారు. రెండోది అడిగితే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లోని మండలం బొమ్మ చూపిస్తారు. పీడీఎఫ్‌లో ఉన్న ఆ బొమ్మతో లెక్క కట్టలేం.

భద్రాచలం సంగతే చూడండి. మండలమంతా ఆంధ్రకి వెళ్లింది, భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. పట్నాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఇప్పుడు పక్క రాష్ట్రం. రాములవారి గుడి ఇక్కడ, ఆ గుడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే అక్కడ. 2011 పట్టికలో మాత్రం ‘భద్రాచలం మండలం’ అంటే ఇవన్నీ కలిపి. ఈ విషయం తెలియనివాళ్లు ఆ అంకెని తెచ్చి నేటి భద్రాచలం మండలానికి తగిలిస్తారు. అలా తగిలించిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి. బూర్గంపహాడ్‌ది ఇంకా చిక్కు, కొన్ని ఊళ్లు వెళ్లాయి, కొన్ని ఉన్నాయి. వెళ్లినవి కూడా ఒక్కచోట నిలవలేదు. కుక్కునూరు, వేలేరుపాడు మొదట పశ్చిమ గోదావరికి, 2022లో ఏలూరు జిల్లాకి. చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, ఎటపాక తూర్పు గోదావరి మీదుగా 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి, 2025 చివర్లో పోలవరం జిల్లాకి. చింతూరులోని ఒక కోయ గూడెం లెక్క కావాలంటే 2011 పట్టికలో ఖమ్మం జిల్లా కింద వెతకాలి. ఈ దారి తెలిసినవాళ్లు ఎందరుంటారు?

ముంపు మండలాలది ప్రత్యేకమైన కథ అనుకుంటే, మిగతా చోట్లా ఇదే పరిస్థితి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటతో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26, 2025 చివర్లో 28. మండలాల్ని కోసి కొత్త మండలాలు కట్టారు. 2025 డిసెంబర్‌లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పురపాలికల్ని జీహెచ్‌ఎంసీలో కలిపి, 150 వార్డుల్ని 300 చేశారు. పాలన కోసం హద్దులు మార్చుకోవడం ప్రభుత్వాల హక్కు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మార్చిన ప్రతిసారీ పాత హద్దు ఫైలు, కొత్త హద్దు ఫైలు, ఏ ఊరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చెప్పే పట్టిక, ఈ మూడూ అదే రోజు జనానికి ఇవ్వాలి కదా. జీవోలో ఊళ్ల పేర్ల జాబితా ఒకటి పెట్టి ఊరుకుంటారు. అది కూడా స్కాన్ చేసిన కాగితం.

పేర్లతో ఊళ్లని కలపడం ఎంత నరకమో ఈ పని చేసినవాళ్లకే తెలుసు. ‘పల్లి’కి ఇంగ్లీషులో మూడు స్పెల్లింగులు. ఒకే మండలంలో ఒకే పేరుతో కలాన్ (పెద్దది) ఒకటి, ఖుర్ద్ (చిన్నది) ఒకటి. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్నో లెక్కే లేదు. 2011 సెన్సస్‌లో ఊరికి ఆరంకెల లోకేషన్ కోడ్ ఇచ్చారు, పంచాయతీరాజ్ వాళ్ల ఎల్‌జీడీ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడ్ వేరు, ఆరోగ్య శాఖ కోడ్ ఇంకా వేరు. అమెరికాలో పనిచేసే పరిశోధకులు కొందరు కూర్చుని మన దేశంలోని ఊళ్ల కోడ్లని సెన్సస్ నుంచి సెన్సస్‌కి జోడించి, ష్రగ్ అనే డేటాబేస్ కట్టి ఉచితంగా పెట్టారు. వాళ్లకి దండం పెడతాను. కానీ ఆ పని మన ప్రభుత్వం చేయాల్సింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది తండాల విషయం. సెన్సస్‌కి ఊరంటే రెవెన్యూ గ్రామం. దాని శివారులోని తండా, గూడెం, ఎస్సీ కాలనీ అన్నీ ఆ ఒక్క వరుసలోనే కలిసిపోతాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనం దాటిన తండాలు పంచాయతీలయ్యాయి, మొత్తం పంచాయతీలు 12,751కి చేరాయి. మంచి నిర్ణయం. మరి ఆ కొత్త పంచాయతీకి 2011 జనాభా ఎంత? సెన్సస్ పట్టికలో దానికంటూ వరుస లేదు. మూడు వేల జనమున్న రెవెన్యూ గ్రామంలో ఆరువందల మంది లంబాడీల తండా ఒకటుందనుకోండి. పట్టికలో ఆ ఊరు ఎస్టీలు 20 శాతం ఉన్న ఊరు. తండాకి వెళ్లి చూస్తే నూటికి నూరు. ఎస్టీలు సగం దాటిన ఊళ్లకే అని ఏదైనా పథకం వస్తే తండా జాబితాలోకే రాదు. అక్కడి సర్పంచ్ మండలాఫీసు చుట్టూ తిరిగినా చూపించడానికి కాగితం ఉండదు.

హద్దు లేనప్పుడు మాలాంటివాళ్లు ఏం చేస్తామో కూడా చెప్పాలి. మండలాన్ని రెండుగా కోస్తే, విస్తీర్ణాన్ని బట్టి జనాన్ని పంచుతాం. సగం భూమి ఇటొస్తే సగం జనం ఇటు. డెల్టాలో ఇది కొంతవరకు నడుస్తుంది. ఏజెన్సీలో నడవదు. అక్కడ సగం భూమి రిజర్వ్ ఫారెస్టు, జనమంతా రోడ్డు వెంట, వాగు వెంట ఉంటారు. ఈ లెక్కతో అడవిలో లేని మనుషుల్ని పుట్టిస్తాం, ఊళ్లో ఉన్నవాళ్లని మాయం చేస్తాం. ఈ మధ్య ఉపగ్రహ చిత్రాల్లో ఇంటి కప్పుల్ని లెక్కబెట్టి సర్దుతున్నారు. కప్పు కింద పసిపిల్లలెందరో, ఒంటరి ముసలమ్మ ఉందో లేదో ఉపగ్రహానికి తెలియదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇదెలా చేశారో చూస్తే అసూయ కలుగుతుంది. 2001 సెన్సస్‌కి లెక్కల కోసమే చిన్న చిన్న ముక్కలు గీశారు, అవుట్‌పుట్ ఏరియాలంటారు. ఒక్కోటి సగటున 125 ఇళ్లు. 40 ఇళ్లకీ, 100 మందికీ తగ్గకుండా చూశారు, ఎవరి వివరాలూ బయటపడకూడదని. 2011లో, 2021లో చాలావరకు అవే ముక్కల్ని ఉంచారు. మారిన చోట పాతది ఏది, కొత్తది ఏది అన్న పట్టిక పెట్టారు. హద్దు ఫైళ్లు ఎవరైనా దించుకోవచ్చు. మన ఎన్యూమరేషన్ బ్లాకూ, అంటే జనగణనలో ఒక్కరికి అప్పగించే ముక్క, దాదాపు ఆ సైజే, 2011లో 125 నుంచి 150 ఇళ్లు. టీచర్లు ఎండలో తిరిగి వీధి వీధికీ చేత్తో నజరీ నక్షా (కంటికి కనిపించినట్టు గీసే పటం) గీశారు, గుడి, బడి, బోరింగు గుర్తుపెట్టి మరీ. ఆ నక్షాలు ఏ మ్యాపులోకీ ఎక్కలేదు, ఆ బ్లాకుల లెక్కలు బయటికి రాలేదు. అంత కష్టం వృథా పోయిందంటే నాకు కోపం వస్తుంది.

ఈసారి అలా జరగకూడదు. 2021లో జరగాల్సిన జనగణన 2027 ఫిబ్రవరిలో జరుగుతోంది. పాలనా హద్దుల్ని 2025 డిసెంబర్ 31 నాటికి స్తంభింపజేశారు. కాగితం బదులు మొబైల్, బ్లాకులు వెబ్ మ్యాపు మీద, భవనాలకి జియోట్యాగ్ (మ్యాపులో అవి ఉన్న చోటు గుర్తు). అంటే హద్దులు డిజిటల్‌గా తయారవుతున్నాయి, కొత్తగా ఖర్చేమీ లేదు. పైగా కులాల లెక్క కూడా ఇందులోనే తీస్తున్నారు. ఏ కులం ఎక్కడ ఎంత ఉంది అన్న వాదన రేపు ఊరి స్థాయికి, వార్డు స్థాయికి వస్తుంది. హద్దు తెలియని అంకె చేతిలో ఉంటే ఎవరికి నచ్చినట్టు వాళ్లు వాడతారు.

హద్దులు బయటపెడితే భద్రతకి ముప్పు అంటారు కొందరు. 2021 ఫిబ్రవరిలో కేంద్రమే మ్యాపుల మీద ఉన్న పాత ఆంక్షల్ని చాలావరకు ఎత్తేసింది. ఊరి పొలిమేర ఊళ్లో పశువుల కాపరికి కూడా తెలుసు, అందులో రహస్యమేముంది? వ్యక్తుల గోప్యత అంటే అది నిజమైన అభ్యంతరమే, ముఖ్యంగా కులం లెక్కలున్నప్పుడు. అందుకే మ్యాపులో ఒక్కో ఇంటి గుర్తు ఎవరికీ ఇవ్వొద్దు. మరీ చిన్న బ్లాకుల్ని పక్కదాంతో కలిపి ఇవ్వండి.

నేను అడిగేది ఎక్కువేం కాదు. అంకెలు విడుదల చేసిన రోజే రెవెన్యూ గ్రామం, పట్టణ వార్డు హద్దులు షేప్‌ఫైల్‌గా (కంప్యూటర్ మ్యాపులో తెరిచి లెక్క కట్టగల ఫైలు) ఇవ్వండి, ఫైల్లో సెన్సస్ కోడూ ఎల్‌జీడీ కోడూ పక్కపక్కన ఉండాలి. 2011 ఊరు 2027లో ఏ ఊరో, చీలితే ఎంత జనం ఎటు పోయారో పట్టిక కావాలి. తండాలకీ గూడేలకీ విడి వరుస పెట్టండి. రాష్ట్రాల మధ్య తగాదా ఉన్న చోట కూడా దాచకండి. సాలూరు పక్కన కొండల మీద ఇరవై పైచిలుకు కోటియా ఊళ్లున్నాయి, ఆంధ్ర మాదంటుంది, ఒడిశా మాదంటుంది, జనం దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఆ ఊళ్లని సెన్సస్ ఏ రాష్ట్రం కింద రాసింది, ఏ గీత వరకు రాసింది అన్నది ఆ ఫైల్లో కనిపించాలి. కోర్టులో తేలే సంగతి వేరు, ఒక మనిషిని రెండుసార్లు లెక్కపెట్టామా, అసలు వదిలేశామా అన్నది తెలియాల్సిన సంగతి.