‘మెడ లోతు నీళ్ళే కదా’ అనే సందేశానికి జవాబు

అండమాన్ ప్రయాణానికి సిద్ధమవుతున్న మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. హేవ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్‌కు (మాస్కు పెట్టుకుని, నోట్లోని గొట్టంతో గాలి పీలుస్తూ, నీళ్ళ మీద బోర్లా తేలుతూ అడుగున ఉన్నవి చూడడానికి) ఈత రానక్కర్లేదనీ, లైఫ్ జాకెట్ ఉంటే చాలనీ, నీళ్ళు మెడ లోతే కాబట్టి అలసిపోతే పగడాల మీద నిలబడవచ్చనీ, పగడాలున్న చోటికి మొసళ్ళు రావనీ దాని సారాంశం. పిల్లలనూ, అరవై దాటిన తల్లిదండ్రులనూ వెంటబెట్టుకుని వెళ్ళేవారు దీన్ని నమ్ముతున్నారు కనుక ఊరుకోవడం నాకు తప్పనిపిస్తోంది.

ఈత రానివారికి గాలి నింపిన తేలే ట్యూబు పట్టించి గైడు నీళ్ళ మీద లాక్కెళ్ళడం అక్కడ మామూలే. ఆ మేరకు మొదటి మాట నిజం. అయితే లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుందే గాని, ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ గాలి రావలసింది నోట్లోని గొట్టం గుండానే. అందులోకి గుక్కెడు ఉప్పునీరు చేరితే అలవాటున్నవారు ఒక్క ఊపున ఊది బయటికి చిమ్ముతారు. కొత్తవారు దాన్ని మింగి, దగ్గు ఆపుకోలేక, కంగారులో మాస్కు పీకేసుకుంటారు. అందుకే ముందు నడుము లోతు నీళ్ళలో నిలబడి, ముఖం ముంచి, గొట్టం ఊదడం పదిసార్లయినా సాధన చేయాలి. మాస్కును పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చూడండి: చేయి వదిలినా అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. మన మగవారికి మీసమే చిక్కు. అంచు కింద మీసం ఉంటే నీరు కారుతూనే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘మెడ లోతు’ అనే ధీమా. హవాయిలో స్నార్కెలింగ్ మరణాలను పరిశీలించినవారు, కాళ్ళు నేలకు అందే చోటే ఎన్నో ప్రమాదాలు జరిగినట్టు గుర్తించారు. నీరు ఛాతీని నొక్కుతుండగా ఇరుకు గొట్టంలోంచి బలంగా గాలి లాగినప్పుడు కొందరి ఊపిరితిత్తుల్లోకి ఒంట్లోని ద్రవమే ఊరుతుంది. ఆక్సిజన్ తగ్గి, కాళ్ళూ చేతులూ సడలి, మనిషి అరవకుండానే స్పృహ తప్పవచ్చు. బోర్లా తేలుతూ చేపలను చూస్తున్నవారూ, స్పృహ లేనివారూ ఒడ్డు నుంచి ఒకేలా కనిపిస్తారు. కాబట్టి ఆయాసం మొదలైన క్షణమే గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చేయెత్తి పిలవాలి. జతగా వెళ్ళినవారు ఒకరినొకరు తరచూ పలకరించుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగనే కూడదు.

పగడం రాయి కాదు, ప్రాణుల సమూహం. గుండ్రటి పెద్ద పగడాలు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి దెబ్బతిన్నాయి. అలాంటి వాటి మీద కాలు మోపడం నాకు చూడలేని దృశ్యం. పైగా పగడం గీసిన గాయం త్వరగా మానదు, సందుల్లో విషపు ముళ్ళున్న రాతిచేప ఉండవచ్చు. నిలబడవలసి వస్తే ఇసుక చూసుకుని నిలబడాలి.

మొసళ్ళ మాట పచ్చి అబద్ధం. ఉప్పునీటి మొసలి సముద్రంలో ఈదగలదు. 2010లో అదే హేవ్‌లాక్‌లో, రాధానగర్ తీరాన స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డున్న చోట, మడ అడవుల వాగులు సముద్రంలో కలిసే చోట, చీకటి పడే వేళ నీళ్ళలో దిగకండి.