పది పైసల పాపులిజం

మా ఇంటోళ్ల గ్రూపులో ఆ మెసేజ్ ఈ వారం నాలుగోసారి వచ్చింది. ఈసారి పెట్టింది మా బావ. 'ఏ పార్టీలో ఎంత పాపులిజం? సైంటిఫిక్ ర్యాంకులు!' అని ఎర్రక్షరాలు, కింద పట్టిక. మేనిఫెస్టోలో ఉచిత పథకం ఒక్కోదానికి ఇన్ని మార్కులట. ప్రసంగంలో 'ప్రజలు' అన్నప్పుడల్లా ఒకటట. టీ బంకు దగ్గర ఫొటో దిగితే ఐదట. చదువురానోళ్లు, పథకాలకు ఆశపడేవాళ్లే పాపులిస్టులకు ఓటేస్తారని చివర్లో తీర్పు.

ఫొటోల సంగతి వదిలేద్దాం. ఎన్నికలప్పుడు దోసె తిప్పని అభ్యర్థిని నేనింకా చూడలేదు.

మాటల లెక్క కూడా అంతే. పోయిన ఎన్నికల్లో కావలిలో మా వీధిలో ఒక అభ్యర్థి పంచిన కరపత్రం రేషన్ కార్డు కవర్లో ఉండిపోయింది. తీసి లెక్కపెట్టాను. ఒక్క పేజీలో 'ప్రజలు' పదకొండుసార్లు. ఆయన అడిగిందేమో సైడు కాలవలు, తాగునీళ్లు. ఎవరినీ తిట్టలేదు. 2009లో కర్క్ హాకిన్స్ అనే పరిశోధకుడు వెనెజులా అధ్యక్షుడు చావెజ్ లాంటి నేతల ప్రసంగాల్లో పాపులిజాన్ని కొలిచినప్పుడు మాటలు ఏరలేదు. ప్రసంగం మొత్తం చదివించి సున్నా, ఒకటి, రెండు అని మార్కులు వేయించాడు. మంచి జనం ఇటు, వాళ్లను దోచుకునే పెద్దలు అటు అని నాయకుడు లోకాన్ని రెండుగా చీలుస్తున్నాడా? చూసింది అదీ. ఆ లెక్కన మా కాలవల అభ్యర్థికి సున్నా.

ఇక అసలు గొడవ, ఉచితాలు. 1982లో ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలన్నారు. ఎన్నికలు రాకముందే కోట్ల విజయభాస్కరరెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే మొదలుపెట్టింది. మన మెసేజ్ ప్రకారం పది పైసలు తక్కువ కాబట్టి కాంగ్రెస్సే పెద్ద పాపులిస్టు! సెబాసు. మరి చైతన్యరథం మీద నిలబడి, ఢిల్లీ పెద్దల ముందు తెలుగువాళ్ల ఆత్మగౌరవం తాకట్టులో పడిందని ఊరూరా చెప్పిందెవరు? బియ్యం ఇద్దరూ ఇచ్చారు, ఆ మాట ఒక్కరే అన్నారు. కొలవాల్సింది ఆ మాటని. బియ్యం తూచడానికి రేషన్ షాపులో కాటా ఉంది, యూనివర్సిటీ ఎందుకు?

ఆ చివరి తీర్పు చూస్తే మాత్రం ఒళ్లు మండింది. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్లు అడిగింది ఉచితం కాదు, సర్కారుకొచ్చే సారా డబ్బు వదులుకోమని. మరుసటి ఏడాదే రాష్ట్రమంతా సారా ఆగింది. చదువురానోళ్ల ఆశంటే ఇదేనా బావా? దీనికి నీ పట్టికలో ఎన్ని మార్కులో చెప్పు.

పాపులిజమంటే ఉచితాలేనని మన పేపర్లే ఏళ్ల తరబడి రాశాయి కాబట్టి బావనొక్కడినే అని లాభం లేదు. పైగా అందులో ఒక లైను నిజం: 'ఒకే పార్టీలో అభ్యర్థిని బట్టి మార్కు మారుతుంది.' నిపుణులనడిగి పార్టీ మొత్తానికి ఒకే మార్కు వేసే యూరప్ సర్వేలకు కూడా ఇది దొరకదు. ఆ లైను ఉంచి మిగతాది డిలీట్ చెయ్యి బావా.