అతిథి గృహానికి పూర్వచరిత్ర

మా బావగారు కోటిపల్లి లైనులో మూలబడ్డ ఒక స్టేషను గదిని అతిథి గృహంగా మార్చాలని నిశ్చయించుకున్నారు. రైల్వేవారు ఇంకా ఔననలేదు, కాదనలేదు. అది చిన్న విషయం. పెద్ద విషయం చరిత్ర. చరిత్ర లేని గదికి రోజుకు ఐదు వందలు రావడం కష్టం. గోడకు ఒక ఫలకం తగిలించి నాలుగు ముక్కలు రాయిస్తే అదే మంచానికి నాలుగు వేలు. ఆ నాలుగు ముక్కలు రాసే భారం నా మీద పడింది.

మొదటి వాక్యం ఆయనే చెప్పారు: ‘ఈ గదిలో కాటన్ దొరగారు విశ్రమించారు.’ గోదావరి జిల్లాల్లో ఏ పాత గోడ కనబడినా దానికి కాటన్ దొరను చేరగిలబెట్టడం మన ఆచారమే. కానీ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది 1852లో, కన్నుమూసింది 1899లో. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలుమార్గం వేసింది 1928లో. ఈ లెక్క విని బావగారు కాసేపు మీసం దువ్వుకుని, “అయితే గది ముందే బుక్ చేసుకున్నారని రాయండి” అన్నారు.

నిజానికి ఈ లైనుకు అబద్ధం అతికించే అవసరమే లేదు. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అన్నారు పెద్దలు. మా పట్టాలకంటే పెద్ద అతిథి ఎవరు? పన్నెండేళ్లు మా చేల మధ్య పడుకున్నాయి. 1940లో రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని ఊడబెరికి పట్టుకుపోయారు. హిట్లర్‌కూ ద్రాక్షారామానికీ ఉన్న వైరం ఏమిటో మా పెద్దలకు చివరిదాకా బోధపడలేదు. మళ్లీ రైలు వచ్చింది 2004లో. అరవై నాలుగేళ్లు! సంక్రాంతికి స్కూటరు పెట్టలేదని అలిగిన అల్లుడైనా మూడో పండక్కి గుమ్మంలో కనిపిస్తాడు. ఇంతా చేసి తిరిగివచ్చిన రైలు దొరగారి పరివారం ఒకే ఒక్క పెట్టె. దానికి రైలు బస్సని పేరు. రెండింటిలో ఏదీ పూర్తిగా కాదు కనుక పేరు సబబుగానే ఉంది.

ఆ లైను కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఈ ముక్క దగ్గర నా కలం ఎకసెక్కం మానుకుంది. బావగారు కూడా దీనికి ధర కట్టలేదు.

మిగతా ఏర్పాట్లు సులువుగా తేలిపోయాయి. టికెట్ల కిటికీలోంచి కాఫీ. స్టేషను మాస్టరు గదికి రెట్టింపు అద్దె, ఎందుకంటే అక్కడ ఫ్యాను తిరుగుతుంది. తెల్లవారుజామున ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అంటూ మైకులో పిలుపు, ఆ వెంటనే పూతరేకులు. నిరీక్షణ గది పేరు మాత్రం మార్చనక్కరలేదన్నారు.

చిక్కు వచ్చింది అద్దె గడువు దగ్గర. కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలు గౌతమి ఒడ్డున ఆగిపోయాయి. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్లు. 2000-01లో మంజూరైన లైను అది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు నదులు దాటాలి. ఆ రైలెక్కి వెళ్దామని ఎవరైనా వచ్చి గది అడిగితే రోజు లెక్కన ఇవ్వాలా, నెల లెక్కనా అని అడిగాను.

“అలాంటివాళ్లకు రోజులూ నెలలూ కుదరవు” అన్నారు బావగారు. “తొంభై తొమ్మిదేళ్ల కౌలు రాసుకోమనండి. తర్వాత మనవలు పొడిగించుకుంటారు.”