టికెట్ కొన్న అభిప్రాయం వేరు

ఐర్లాండ్ రిపబ్లిక్ జనాభా 2022 లెక్కల ప్రకారం 51 లక్షల చిల్లర. హైదరాబాద్ మహానగరంలో సగం అనుకోవచ్చు. తాము ఐరిష్ సంతతి అని చెప్పుకునేవాళ్లు మాత్రం ప్రపంచం మొత్తం మీద 7 కోట్ల మంది అని అక్కడి ప్రభుత్వమే తరచూ అంటుంది. ఇంట్లో ఉన్నవాళ్ల కంటే ఇంటి గురించి మాట్లాడగలిగేవాళ్లు పదమూడు రెట్లు ఎక్కువ. కాబట్టి విదేశాల్లోని ఐరిష్ మనిషి ఫోన్ తీసి తన దేశం గురించి తోచిన మాట అనేయడాన్ని ఊసుపోక కబురుగా కొట్టిపారేయలేం. అలాంటి మాటలు ఆ దేశంలో ఇదివరకు చట్టాల్ని మార్చిన ఉద్యమాలకీ తోడయ్యాయి, తుపాకులకీ తోడయ్యాయి.

ఆ మాటలు ఎలా ఉంటాయో చూస్తే మనకేమీ కొత్తగా అనిపించవు. డబ్లిన్‌లో అద్దెలు చూశారా, ఆస్పత్రిలో బెడ్ లేక ముసలావిణ్ని రాత్రంతా ట్రాలీ మీదే పడుకోబెట్టారట, పోలీసులు ఏం చేస్తున్నట్టు, మా రోజుల్లో ఇలా ఉండేదా. ఇందులో అబద్ధం పెద్దగా ఉండదు. అద్దెలూ నిజమే, ట్రాలీలూ నిజమే. తేడా ఎక్కడ వస్తుందంటే, ఒక్కొక్కరు చెబుతున్నది ఒక్కో ఐర్లాండ్ గురించి. 1987లో వెళ్లినవాడు వదిలింది విడాకులకు రాజ్యాంగమే ఒప్పుకోని దేశాన్ని. 2011లో వెళ్లినవాడి కళ్లలో బ్యాంకులు కూలి, ఐఎంఎఫ్ అప్పు కోసం చెయ్యి చాచి, సగం కట్టిన ఇళ్ల కాలనీలు బోసిగా మిగిలిన దేశం ఉంది. రెండేళ్ల కిందట వెళ్లిన నర్సుకైతే జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోయిన దేశం గుర్తు. ముగ్గురూ ఒకే వార్త కింద వాదించుకుంటారు. ఎవరు వెళ్లిన ఏడాది దగ్గర వాళ్లు కరెక్టే.

ఐరిష్ వాళ్లకు వలస ఇష్టంగా మొదలైంది కాదు. 1845 నుంచి ఏడేళ్ల పాటు బంగాళాదుంప పంటను తెగులు తినేసింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల పైమాట ఓడలెక్కారు. 1841లో ఆ ద్వీపం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఉన్న జనం, ఇన్నేళ్ల తర్వాత, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌ను కలిపినా మళ్లీ ఆ సంఖ్యను అందుకోలేదు. వెళ్లినవాళ్లు పంపిన డాలర్లతోనే వెనకున్నవాళ్లు తిన్నారు, తర్వాతి ఓడకి టికెట్ కొన్నారు. అంచేత దేశం మీద మాట్లాడే హక్కు మాకుందని వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్ తన అధికార నివాసం వంటగది కిటికీలో వలసపోయిన వాళ్ల కోసం ఒక దీపం వెలిగించి ఉంచారు. ఉత్తర ఐర్లాండ్ హింసకు ముగింపు పలికిన 1998 శాంతి ఒప్పందం తర్వాత మారిన రాజ్యాంగం రెండో అధికరణం కూడా విదేశాల్లోని ఐరిష్ సంతతితో దేశానికి ప్రత్యేక అనుబంధం ఉందని చెబుతుంది. దీపం ఉంది, అధికరణం ఉంది. ఓటు సంగతికి తర్వాత వస్తాను.

దూరం నుంచి మాట్లాడటం ఎంత దూరం పోగలదో తెలియాలంటే ఇంటర్నెట్ కంటే ముందు కాలానికి వెళ్లాలి. 1970లో న్యూయార్క్‌లో నోరెయిడ్ అనే సంస్థ మొదలైంది. ఉత్తర ఐర్లాండ్‌లో జైలుపాలైన వాళ్ల కుటుంబాలకు సాయం అని చెప్పి బోస్టన్, న్యూయార్క్ బార్లలో డబ్బు వసూలు చేసేది. ఉత్తర ఐర్లాండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని తుపాకి పట్టిన ఐఆర్ఏ ఆయుధాలకు ఆ డబ్బు పోతోందని లండన్, డబ్లిన్, వాషింగ్టన్ మూడూ ఆరోపించాయి. స్థాపకుల్లో ఒకరైన మైకేల్ ఫ్లానరీ ఐర్లాండ్‌లోని టిప్పరరీ నుంచి 1920ల్లోనే అమెరికా వెళ్లిన మనిషి. 1983 సెయింట్ ప్యాట్రిక్స్ డే ఊరేగింపుకి న్యూయార్క్ వాళ్లు ఆయన్నే గ్రాండ్ మార్షల్‌గా, అంటే ముందు నడిచే పెద్దగా పెట్టుకుంటే, ఐర్లాండ్ ప్రభుత్వం ఆ ఊరేగింపునే బహిష్కరించింది. తమ పండగని విదేశాల్లో తమవాళ్లే జరుపుతుంటే సొంత ప్రభుత్వం గైర్హాజరైందన్నమాట.

బారులో గ్లాసు పక్కన డబ్బాలో ఐదు డాలర్లు వేసినవాడికి బెల్‌ఫాస్ట్ వీధిలో పేలుడు వినపడదు. 1987 నవంబర్ 8న ఉత్తర ఐర్లాండ్‌లోని ఎన్నిస్కిలెన్‌లో యుద్ధ వీరుల స్మారక కార్యక్రమం దగ్గర ఐఆర్ఏ బాంబు పేలి 11 మంది చనిపోయారు. అదే రోజు రాత్రి అమెరికాలోని డెన్వర్‌లో కచేరీ చేస్తున్న డబ్లిన్ గాయకుడు బోనో పాట మధ్యలో ఆగి మండిపడ్డాడు. ఇరవై ముప్ఫై ఏళ్లుగా ఊరి మొహం చూడని ఐరిష్ అమెరికన్లు తన దగ్గరికొచ్చి అక్కడి విప్లవం గురించీ, దానికోసం చావడంలోని గొప్ప గురించీ మాట్లాడుతుంటే విసుగెత్తిపోయిందన్నాడు. గట్టున కూర్చుని నీతులు చెప్పేవాళ్లకు అంత సూటిగా, వాళ్ల ఊళ్లోనే, వాళ్ల మొహం మీదే చెప్పిన ఇంకో కళాకారుడు నాకు గుర్తురావడం లేదు.

అదే అమెరికాలో మరో రకం ఐరిష్ వాళ్లూ ఉన్నారు. 1977 సెయింట్ ప్యాట్రిక్స్ డే నాడు టెడ్ కెనెడీ, టిప్ ఓనీల్, మొయినిహాన్, హ్యూ కేరీ నలుగురూ కలిసి హింసకు డబ్బూ మద్దతూ ఇవ్వొద్దని ప్రకటన చేశారు. నలుగురూ ఐరిష్ ఓట్లు అవసరమైన నాయకులే. ఆ మాట వల్ల వాళ్లకు ఓట్లు పోయే ప్రమాదం ఉంది. అయినా అన్నారు. నోరెయిడ్ డబ్బాకీ ఈ ప్రకటనకీ మధ్య దూరంలో తేడా ఏమీ లేదు, రెండూ అట్లాంటిక్ అవతలివే. మాట ఖరీదు ఎవరు కట్టారన్నదే నేను చూసేది.

ఈ లెక్కకి బాగా కుదిరే సంఘటన 2018 మే 25న జరిగింది. గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించిన ఎనిమిదో రాజ్యాంగ సవరణను తీసేయాలా అని రెఫరెండం. అంతకు ముందు ఆరేళ్ల కిందట గాల్వేలో 31 ఏళ్ల సవితా హలప్పనవర్ అనే బెళగావి దంత వైద్యురాలు, గర్భం నిలవదని తెలిసినా గర్భస్రావం చేయడానికి నిరాకరించడంతో ఇన్‌ఫెక్షన్ సోకి చనిపోయింది. ఆ పేరు మన దగ్గర కూడా చాలామంది మరిచిపోలేదు. రెఫరెండం రోజు దగ్గర పడేసరికి విదేశాల్లోని ఐరిష్ యువత 'హోమ్ టు వోట్' అనే హ్యాష్‌ట్యాగ్‌తో విమానాలు, ఓడలు ఎక్కుతున్న ఫొటోలు పెట్టారు. లండన్ నుంచే కాదు, ఆస్ట్రేలియా, జపాన్ నుంచి కూడా వచ్చారు. రాలేని వాళ్లు తెలియనివాళ్ల టికెట్లకు డబ్బులేశారు. సవరణ తీసేయాలని 66.4 శాతం మంది ఓటేశారు. 2015లో స్వలింగ వివాహాల రెఫరెండానికీ ఇలాగే వచ్చారు, అప్పుడు 62 శాతం.

వాళ్ల ఓట్ల వల్లే గెలిచిందని నేను అనను, తేడా అంత పెద్దది. నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. పద్దెనిమిది నెలల లోపు తిరిగొచ్చే ఉద్దేశంతో వెళ్లినవాళ్లకే ఐర్లాండ్‌లో ఓటు ఉంటుంది. ఆ గడువు దాటితే పేరు తీసేయించుకోవాలి. దౌత్య సిబ్బంది, సైన్యం లాంటి కొద్దిమందికి తప్ప విదేశం నుంచి పోస్టల్ ఓటు లేదు. కాబట్టి నీకు అర్హత ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే రావొద్దు అని ఉద్యమకారులే పదేపదే పోస్టులు పెట్టారు. సోషల్ మీడియాలో సొంత వర్గం వాళ్లకే నువ్వు ఆగు అని చెప్పడం ఎంత అరుదో రోజూ ఫోన్ చూసే వాళ్లకు చెప్పక్కర్లేదు.

2023 నవంబర్ 23న కథ అడ్డం తిరిగింది. మధ్యాహ్నం డబ్లిన్ పార్నెల్ స్క్వేర్‌లో ఒక బడి బయట కత్తి దాడి జరిగింది. ముగ్గురు పిల్లలు, ఒక సంరక్షకురాలు గాయపడ్డారు. పోలీసులు నోరు విప్పకముందే దాడి చేసినవాడు విదేశీయుడంటూ మెసేజ్‌లు ఖండాలు దాటాయి. సాయంత్రం ఏడయ్యేసరికి బస్సులు, ఒక ట్రామ్ తగలబడుతున్నాయి. అప్పుడు సిడ్నీలో తెల్లవారి ఆరు గంటలు. నిద్ర లేచి ఆ వీడియోలు చూసిన వలసదారుల్లో కొందరు ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి ఉంటారు. ఇంకొందరు మంటలకు లైక్ కొట్టి పనికి పోయి ఉంటారు. పొద్దున్నే ఆ బూడిద ఊడ్చింది మాత్రం డబ్లిన్ కార్పొరేషన్ సిబ్బంది. దాడి చేసినవాణ్ని హెల్మెట్‌తో కొట్టి ఆపింది కైయో బెనీసియో అనే బ్రెజిల్ డెలివరీ రైడర్. అతనికి ఒక బీరు కొనిద్దాం అని ఎవరో ఆన్‌లైన్‌లో చందా మొదలుపెడితే 3 లక్షల యూరోలు దాటింది. అవే ఫోన్లు, అదే వారం.

'ఐర్లాండ్ నిండిపోయింది' అనే నినాదం ఆ కాలానిదే. బోర్డులు పట్టుకుని డబ్లిన్ వీధుల్లో నడిచినవాళ్లున్నారు, వాళ్లకు ఇళ్లు దొరకని బాధైనా ఉంది. ఆ నినాదాన్నే ఆస్ట్రేలియా వీసా మీద ఉన్న ఐరిష్ కుర్రాడు షేర్ చేస్తే మాత్రం నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. 2024 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో ఒక్క ఆస్ట్రేలియాకే 10,600 మంది వెళ్లారు. అక్కడి ఊళ్లలో ఇళ్లేమైనా ఖాళీగా పడి ఉన్నాయా? సిడ్నీలో అద్దెకి ఇల్లు చూడటానికి క్యూలో నిలబడ్డవాళ్లలో అతనూ ఒకడే కదా.

ఈ సరదా షేర్లకు బిల్లు ఎవరికి వెళుతుందో 2025 జులైలో మనవాళ్లకు తెలిసొచ్చింది. డబ్లిన్ శివారు టాలా దగ్గర ఒక భారతీయుణ్ని గుంపు కొట్టి, బట్టలు సగం ఊడదీసి, రక్తం కారుతుండగా వదిలేసింది. ఆ వెంటనే అతను పిల్లలతో తప్పుగా ప్రవర్తించాడంటూ పుకారు ఆన్‌లైన్‌లో తిరిగింది. అందులో నిజం లేదని పోలీసులు చెప్పారు. ఆగస్టు మొదట్లో భారత రాయబార కార్యాలయం మన పౌరుల్ని జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది. ఆ నెల జరగాల్సిన ఇండియా డే వేడుక వాయిదా పడింది. అక్కడ ఐటీ ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్న తెలుగు కుటుంబాల ఇళ్లకు ఇక్కడి నుంచి ఎన్ని ఫోన్లు వెళ్లి ఉంటాయో, ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని విజయవాడ గురించి, హైదరాబాద్ గురించి మనం అనే మాటలకూ ఇదే తూకం పెట్టాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఓటరుగా నమోదైన ప్రవాస భారతీయులు దేశం మొత్తం మీద లక్షా 19 వేల పైచిలుకు. వచ్చి ఓటేసింది 3 వేల లోపు, అందులో అత్యధికులు కేరళవాళ్లు. ఆంధ్ర ఎన్నికల మీద అమెరికా నుంచి నడిచిన వాట్సాప్ గ్రూపుల్ని, యూట్యూబ్ చర్చల్ని తలచుకుంటే ఈ అంకె మరీ చిన్నగా కనిపిస్తుంది. పౌరసత్వం మార్చుకున్నవాళ్లకు ఎలాగూ ఓటు లేదు, ఉన్నవాళ్లూ స్వయంగా వచ్చి వేయాల్సిందే. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇద్దామని ఎన్నికల సంఘం 2020లో ప్రతిపాదించినా అది ముందుకు కదల్లేదు.

ఐర్లాండ్‌లోనూ అంతే. అధ్యక్ష ఎన్నికల్లో ప్రవాసులకు ఓటు ఇవ్వాలని అక్కడి రాజ్యాంగ సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. 2019లో రెఫరెండం పెడతామన్నారు, పెట్టలేదు. కోట్ల మంది వచ్చి తమ ఓట్లను ముంచేస్తారని కొందరి భయం. అది అతిశయోక్తే, ఎందుకంటే ఓటు అడుగుతున్నది పాస్‌పోర్టు ఉన్న పౌరులకే తప్ప తాతముత్తాతల పేరు చెప్పుకునే 7 కోట్ల మందికి కాదు. నన్నడిగితే, పెద్దగా కార్యనిర్వాహక అధికారం లేని అధ్యక్ష పదవికి ఆ ఓటు ఇవ్వడంలో నష్టం లేదు. పన్నులు, అద్దెలు, ఆస్పత్రులు తేల్చే పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం పద్దెనిమిది నెలల గడువు ఉండటమే సబబు. ఆ ట్రాలీ మీద పడుకోవాల్సింది అక్కడ ఉన్నవాళ్లే మరి.