మాజీ మేనేజర్ నోరు విప్పినప్పుడు అభిమాని ఎటు నిలబడాలి?

ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో పనిచేసి బయటికి వచ్చిన మేనేజర్ (అంటే జట్టు ప్రధాన కోచ్), అక్కడ తాను చూసిన తప్పుల గురించి అధికారులకు ఫిర్యాదు చేశాడనుకోండి. వార్త వచ్చిన గంటలోపే అభిమానుల తీర్పు వచ్చేస్తుంది. ఉద్యోగం పోయిందన్న అక్కసుతో మాట్లాడుతున్నాడని ఒకరంటారు. అక్కడున్నప్పుడు నోరెందుకు మెదపలేదని ఇంకొకరు అడుగుతారు. అన్నం పెట్టిన ఇంటి గుట్టు రచ్చకెక్కించాడు, వీడో ద్రోహి అని మరొకరు తేల్చేస్తారు. చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న మాత్రం చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

ఆ ప్రశ్న మొదట రావాలని నా వాదన. పక్కింటి క్లబ్ విషయంలో మనం ఆ ప్రశ్న అడగనక్కర్లేకుండానే నమ్మేస్తాం. మన క్లబ్ విషయంలో అడగనక్కర్లేకుండానే కొట్టిపారేస్తాం. మన సంఘంలో ఎన్నో కుటుంబాల్లో పిల్లలు ఏదో ఒక క్లబ్ జెర్సీ వేసుకుని పెరుగుతున్నారు. గెలిచినా ఓడినా జట్టును వదలకూడదని మనమే వాళ్లకి నేర్పుతాం. అది మంచి పాఠమే. కానీ జట్టును వదలకపోవడం అంటే జట్టు యజమాని ఏం చెప్పినా నమ్మడమని వాళ్లకి అర్థమైతే, ఆ పాఠం పాడైపోయినట్టే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఫ్రాన్స్‌లో జరిగిన కథ. 1993 మే 20న మార్సెయ్ జట్టు లీగ్ మ్యాచ్‌లో వాలెన్సియెన్‌తో ఆడింది. ఆరు రోజుల తర్వాత మ్యూనిక్‌లో ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌తో, యూరప్ క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఉంది. ఫైనల్‌కి ముందు మార్సెయ్ ఆటగాళ్లకి దెబ్బలు తగలకూడదు, లీగ్ టైటిల్ కూడా చేజారకూడదు. మ్యాచ్‌కి ముందు రోజు సాయంత్రం మార్సెయ్ ఆటగాడు జాన్-జాక్ ఎడెలీ, వాలెన్సియెన్ జట్టులోని ముగ్గురికి ఫోన్ చేసి, మెల్లగా ఆడితే డబ్బు ముడుతుందని బేరం పెట్టాడు. ఆ ముగ్గురిలో జాక్ గ్లాస్‌మన్ అనే డిఫెండర్ ఒప్పుకోలేదు. ఊరుకోనూ లేదు. తన మేనేజర్ బోరో ప్రిమోరాట్స్‌కి చెప్పాడు. మ్యాచ్ విరామంలో విషయం రిఫరీ దాకా వెళ్లింది. మార్సెయ్ 1-0తో గెలిచింది, ఆరు రోజుల తర్వాత మిలాన్ మీద కూడా అదే స్కోరుతో గెలిచి, అంతకుముందు ఏ ఫ్రెంచ్ క్లబ్‌కీ దక్కని కప్పు ఎత్తింది. తర్వాత కొన్ని వారాలకు, వాలెన్సియెన్ ఆటగాడు క్రిస్టోఫ్ రోబేర్ బంధువుల ఇంటి తోటలో పాతిపెట్టిన రెండున్నర లక్షల ఫ్రాంకులు పోలీసులు తవ్వి తీశారు.

ప్రిమోరాట్స్ చెప్పిన మాట ఇంకా పెద్దది. మార్సెయ్ క్లబ్ అధ్యక్షుడు బెర్నార్ తాపీ మామూలు మనిషి కాదు. వ్యాపారవేత్త, పార్లమెంటు సభ్యుడు, మంత్రిగా చేసినవాడు. జూన్ 17న ప్యారిస్‌లోని తన ఆఫీసుకి పిలిపించి, ఈ నేరాన్ని నీ మీద వేసుకుంటే డబ్బు ఇస్తానని తాపీ అడిగాడని ప్రిమోరాట్స్ దర్యాప్తులో చెప్పాడు. ఆ సమయంలో తాపీ నాతోనే ఉన్నాడని మరో మాజీ మంత్రి జాక్ మెలిక్ అడ్డుసాక్ష్యం చెప్పాడు. అది అబద్ధమని తేలి మెలిక్‌కీ శిక్ష పడింది. మార్సెయ్ చేతిలోంచి 1993 లీగ్ టైటిల్ పోయింది. ఆ ఏడాది టైటిల్ ఈనాటికీ ఎవరి పేరు మీదా లేదు. 1994లో క్లబ్‌ని రెండో డివిజన్‌కి దించారు. తాపీ 1997లో జైలుకి వెళ్లాడు.

ఇంత రుజువైన తర్వాత నిజం చెప్పినవాళ్లకి దక్కిందేమిటో చూడండి. గ్లాస్‌మన్ బంతి ముట్టుకుంటే చాలు, స్టేడియాల్లో ఈలలు, గోల. అలా గోల చేసినవాళ్లంతా మార్సెయ్ వాళ్లు కాదు, ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేని ఊళ్లలో కూడా అదే జరిగింది. 1995లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది కానీ, అప్పటికే అతని కెరీర్ చిన్న క్లబ్‌ల వైపు జారిపోయింది. ప్రిమోరాట్స్‌కి ఫ్రాన్స్‌లో మళ్లీ పని దొరకడం కష్టమైంది. అప్పట్లో మొనాకో క్లబ్ మేనేజర్‌గా ఉండి, మార్సెయ్‌తో టైటిల్ కోసం పోటీపడి నష్టపోయిన ఆర్సీన్ వెంగర్ ఆయన్ని తనతో జపాన్‌లోని నగోయా క్లబ్‌కి తీసుకెళ్లాడు, 1997లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కి తెచ్చుకున్నాడు. 2018 దాకా ఇద్దరూ అక్కడే కలిసి పనిచేశారు. వెంగర్ లాంటి ఒక మనిషి లేకపోతే ప్రిమోరాట్స్ ఏమయ్యేవాడో ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది.

2021 అక్టోబరులో తాపీ చనిపోయినప్పుడు శవపేటికను మార్సెయ్ స్టేడియంలో ఉంచారు. వేలమంది వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లను నేను తప్పుపట్టను. తమ ఊరిని యూరప్ ఛాంపియన్ చేసిన మనిషి మీద వాళ్లకి ప్రేమ ఉంటుంది, ప్రేమ కోర్టు తీర్పుతో పోయేది కాదు. గ్లాస్‌మన్ మీద వేసిన ఈలలను మాత్రం క్షమించలేను. తాపీని ప్రేమించడానికి గ్లాస్‌మన్‌ని ద్వేషించనక్కర్లేదు కదా. క్లబ్‌కి శిక్ష పడింది తప్పు జరిగినందుకు. తప్పు జరిగిందని చెప్పిన మనిషి వల్ల కాదు.

ఇక "మాజీ" అన్న మాట దగ్గరికి వద్దాం. మాజీ కాబట్టి నమ్మకూడదు అంటారు. అసలు మాజీ కాక ఇంకెవరు చెప్తారు? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఏజెంట్‌కి ఎంత వెళ్లింది, ఏ ఆటగాడికి ఏ సూది వేశారు, యువజట్టు కోచ్ మీద వచ్చిన ఫిర్యాదు ఎవరి డ్రాయర్‌లో పడి ఉంది, ఇవన్నీ డ్రెస్సింగ్ రూమ్‌లోనూ బోర్డు గదిలోనూ తిరిగినవాడికే తెలుస్తాయి. అక్కడ ఉన్నంతకాలం అతని జీతం, అసిస్టెంట్ల జీతాలు, తర్వాతి ఉద్యోగం అన్నీ ఆ యజమాని చేతిలో ఉంటాయి. మేనేజర్‌ని తీసేసేటప్పుడు మిగిలిన కాంట్రాక్టు డబ్బు ఇచ్చి, నోరు మూసుకోవాలనే షరతు కూడా పెట్టడం మామూలే. బ్రిటన్‌లో 1998లో వచ్చిన చట్టం, ప్రజల మేలు కోరి తప్పును బయటపెట్టకుండా ఉద్యోగిని ఆపే షరతు చెల్లదని చెప్తుంది. చట్టం అలా అన్నా, క్లబ్ యజమానులూ ఏజెంట్లూ అందరూ ఒకరికొకరు తెలిసిన ఆ చిన్న ప్రపంచంలో, నోరు విప్పినవాడికి మళ్లీ ఎవరు పిలిచి పని ఇస్తారన్న టెన్షన్ ఉండనే ఉంటుంది. అందుకే చాలామంది ఆలస్యంగా మాట్లాడతారు. ఆలస్యానికి కారణం అడగడం న్యాయమే. ఆలస్యమైంది కాబట్టి అబద్ధం అనడం న్యాయం కాదు.

అక్కసు ఉంటే మాత్రం? 1971లో జర్మనీలో ఒఫెన్‌బాఖ్ క్లబ్ అక్కడి పై లీగ్ బుండెస్‌లీగా నుంచి కిందికి పడిపోయింది. ఆ మర్నాడే క్లబ్ అధ్యక్షుడు కనెయాస్, తన యాభయ్యో పుట్టినరోజు విందులో అతిథుల ముందు ఒక టేప్ వినిపించాడు. కొందరు ఆటగాళ్లు మ్యాచ్‌ల కోసం డబ్బు బేరమాడుతున్న మాటలవి. విన్నవాళ్లలో జాతీయ జట్టు కోచ్ హెల్ముట్ షోన్ కూడా ఉన్నాడు. కనెయాస్‌కి కడుపుమంట లేదా? ఉంది. చేతులు శుభ్రంగా ఉన్నాయా? ఆ బేరాల్లో తానూ మాట్లాడాడు కాబట్టి అతనికీ నిషేధం పడింది. అయినా టేప్‌లో ఉన్నది నిజమే. దర్యాప్తులో యాభైమందికి పైగా ఆటగాళ్లు దొరికారు. షాల్కె క్లబ్ ఆటగాళ్లు కొందరు మ్యాచ్ అమ్ముకోలేదని కోర్టులో ప్రమాణం చేసి, తర్వాత అది దొంగ ప్రమాణమని తేలి శిక్షలు అనుభవించారు. ఆ కుంభకోణం తర్వాత బుండెస్‌లీగా మ్యాచ్‌లకి జనం రావడం బాగా తగ్గిపోయింది. చెప్పినవాడి మనసులో ఏముందో చూసి ఆగిపోయి ఉంటే, ఆ లీగ్ ఇంకెన్నాళ్లు అలా నడిచేదో.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాటేయడం నిజాయితీ అనిపించుకోదు. ఫిర్యాదు చేసిన ప్రతివాడూ చెప్పిన ప్రతి మాటా నిజమైపోదు. 1998లో రోమా మేనేజర్ జ్దెనెక్ జెమన్, ఇటలీ ఫుట్‌బాల్ మందుల షాపుల్లోంచి బయటికి రావాలని ఒక పత్రికతో అన్నాడు. టురిన్ క్లబ్ యువెంటస్ ఆటగాళ్ల కండలు పెరగడం చూసి ఆశ్చర్యపోయానని పేర్లతో సహా చెప్పాడు. ఆ మాటలతో టురిన్‌లో ప్రాసిక్యూటర్ గ్వారినియెల్లో దర్యాప్తు మొదలైంది. ఆటగాళ్లకి మందులిచ్చిన కేసులో యువెంటస్ డాక్టర్‌ని 2004లో కింది కోర్టు దోషి అంది, 2005లో అప్పీలు కోర్టు కొట్టేసింది, 2007లో పై కోర్టు కాలపరిమితి దాటిపోయిందంటూ వ్యవహారం ముగించింది. యువెంటస్ అభిమాని మా క్లబ్ నిర్దోషి అంటాడు, మిగతావాళ్లు తప్పించుకున్నారంటారు. కాగితాల మీద ఉన్నది ఈ రెండిటికీ పూర్తిగా సరిపోదు. కానీ అదే గొడవలో ఇంకో సంగతి తేలింది. ఆటగాళ్ల శాంపిళ్లను పరీక్షించాల్సిన రోమ్ లేబొరేటరీ ఆ పని సరిగ్గా చేయడం లేదని బయటపడింది, ఇటలీ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. జెమన్ వేలు చూపించిన చోట కాకపోయినా, ఆ పక్కనే కుళ్లు ఉంది. అందుకే నేను చెప్పేది, నమ్మేయమని కాదు, విచారణ జరగనివ్వమని.

పోటీ క్లబ్ అభిమానుల గురించి కూడా ఒక మాట. మన శత్రువు క్లబ్‌లో మేనేజర్ ఫిర్యాదు చేస్తే మనం పండగ చేసుకుంటాం, పాటలు కడతాం, ఆ మేనేజర్‌ని నిజాయితీపరుడని నెత్తిన పెట్టుకుంటాం. అది కూడా నిజాయితీ కాదు. అదే మనిషి వచ్చే ఏడాది మన క్లబ్ గురించి అదే మాట అంటే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదిస్తాం. ఇటలీలో సిమోనె ఫరీనా కథ అందరికీ నచ్చడానికి అదీ ఒక కారణమేమో అనిపిస్తుంది. 2011లో గుబ్బియో అనే చిన్న జట్టు డిఫెండర్‌గా ఉండి రెండు లక్షల యూరోల లంచం వద్దని, ఆ సంగతి పోలీసులకి చెప్పాడు. ఫిఫా వేదిక మీద చప్పట్లు కొట్టారు. కానీ మరుసటి ఏడాదికి అతనికి ఆడటానికి ఇటలీలో క్లబ్ లేదు. ఇంగ్లండ్‌లో ఆస్టన్ విల్లా పిల్లలకి నేర్పే కోచ్‌గా పని ఇచ్చింది. చప్పట్లు కొట్టడానికి ఖర్చు లేదు, ఉద్యోగం ఇవ్వడానికి ఉంది.

అభిమాని చేతిలో ఏముంది అంటారా? చాలానే ఉంది. జర్మనీలో చాలా క్లబ్‌లలో సభ్యులకి ఓటు హక్కు ఉంది. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన చట్టం ప్రకారం క్లబ్‌లు ముఖ్యమైన విషయాల్లో అభిమానుల మాట వినాలి. అభిమానుల సంఘాలు బోర్డుతో సమావేశాలకి వెళ్తూనే ఉంటాయి. అక్కడ టికెట్ ధర గురించి, జెర్సీ రంగు గురించి ఎంత గట్టిగా అడుగుతామో, అంత గట్టిగా మూడు సంగతులు అడగొచ్చు. ఫిర్యాదు మొదట ఎవరికి చేరింది, ఎప్పుడు చేరింది? విచారణ చేసేది బయటివాళ్లా, క్లబ్ జీతగాళ్లా? నివేదిక మాకు చూపిస్తారా? ఈ ప్రశ్నలతో క్లబ్‌కి ప్రమాదమేమీ లేదు. రెండో డివిజన్‌కి పడిన మార్సెయ్ 1996లో పైకి వచ్చింది, 2010లో మళ్లీ లీగ్ గెలిచింది. నిజం బయటపడినందుకు ఆ క్లబ్ చచ్చిపోలేదు, అభిమానులూ వదిలి వెళ్లలేదు.

ఇవేవీ చేసే తీరిక లేనివాళ్లని నేను అడిగేది ఒక్కటే. ఫిర్యాదు చేసిన ఆ మేనేజర్ ఎప్పుడో ఇంకో జట్టుతో మీ స్టేడియానికి వస్తాడు. విచారణ ఇంకా నడుస్తూ ఉండొచ్చు, అతను చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. ఆ రోజు అతని మీద ఈల వేయకండి, పక్కన మీ పిల్లాడు వేయబోతే ఎందుకు వద్దో చెప్పండి.