తెల్లబిల్లు

రేపు వరలక్ష్మీ వ్రతం అనగా ఈ రోజు సాయంత్రం సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చున్నవాడికి ఆ అమ్మవారే దిక్కు. తెనాలి ఆడవాళ్లలో సగం మంది శెనగలు, బెల్లం, కొబ్బరికాయలు బుట్టల్లో వేసుకుని నా ముందు వరసలో నిలబడ్డారు. మిగతా సగం బండి పెట్టే చోటు దొరక్క, మొగుళ్లని బండి మీదే కూర్చోబెట్టి లోపలికి వస్తున్నారు.

నేనూ అల్లాటప్పా వాణ్ని కాదు. డిగ్రీ అయ్యాక మంచి ఉద్యోగం దొరికేదాకా అని చేరి రెండేళ్లయింది. ఏ ప్యాకెట్టుకి బార్‌కోడు ఎటుపక్క ఉంటుందో చూడకుండా చెప్పగలను. నూనె ప్యాకెట్టుకి అడుగున ముడతల్లో దాక్కుంటుంది. దాన్ని బొటనవేలితో సాపు చేసి స్కానర్ ముందు పెడితే టిక్కుమనాలి. అదొక విద్య. ఆ విద్య చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది.

ఇక్కడ మా యూపీఎస్ గురించి చెప్పాలి. అది నాలుగు నెలలుగా కుయ్ కుయ్‌మంటోంది. "బ్యాటరీ మార్చాలండీ" అంటే, "కూస్తోందంటే బతికున్నట్టే కదరా" అన్నారు ఓనరు గారు. కరెంటు పోయాక కనీసం చేతిలో ఉన్న బిల్లు పూర్తయ్యేదాకా అయినా కంప్యూటర్‌ని నిలబెట్టడం దాని డ్యూటీ. 6:40కి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మంది. మా యూపీఎస్ ఒక్క కూత కూసి కన్నుమూసింది. అప్పటికి ఒకావిడ బుట్టలో 42 వస్తువులు టిక్కుమన్నాయి. నలభై మూడోది, హారతి కర్పూరం, నా చేతిలో ఉంది.

ఇన్వర్టర్‌కి కలిపినవి రెండు ట్యూబ్‌లైట్లు, ఓనరు గారి ఫ్యాను. ఆ వెలుతురులో వరసలో ఉన్నవాళ్ల మొహాలు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"చేత్తో రాసెయ్" అన్నారు ఓనరు గారు, ఫ్యాను కిందనుంచి.

పుస్తకం తీశాను. పెన్ను తీశాను. చింతపండు అని రాశాను. దాని ఎదురుగా ఏం రాయాలో తెలీలేదు. రెండేళ్లలో వందల కిలోల చింతపండు నా చేతుల మీదుగా వెళ్లింది, కిలో ఎంతో ఒక్కసారీ పట్టించుకోలేదు. నాకు తెలిసింది టిక్కు ఒక్కటే.

"నూట ఎనభై బాబూ, మొన్ననేగా కొన్నాను" అంది ముందున్నావిడ.

"నూట అరవై వదినా, మీకు ఎక్కువేశారు" అంది వెనకావిడ.

"అంత లేదులెండి, నూట నలభై" అని ఇంకా వెనకనుంచి. చింతపండు ధర వరసలో వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గిపోతోంది. బయట బండి మీద కూర్చున్న మొగుళ్ల దగ్గరికి చేరేసరికి మేమే ఎదురు డబ్బులిచ్చేలా ఉన్నాం. దానికి తోడు ఎప్పటెప్పటి ఆఫర్లో జనానికి గుర్తొచ్చేశాయి. షాంపూ కొంటే బకెట్ ఫ్రీ అని పోయిన సంక్రాంతికి పెట్టిన ఆఫరు కూడా లేచొచ్చింది.

గుమ్మం పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన అప్పుడు లేచారు. ఓనరు గారి నాన్నగారు. ఇది పొట్లాలు కట్టే కొట్టుగా ఉన్నప్పుడు ఆయనదే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు, ఈ కంప్యూటర్లు నా వల్ల కాదని తాళాలు కొడుక్కిచ్చేసి ఆ కుర్చీలో కూర్చున్నారు.

"ఏదీ, ఆ శెనగల ప్యాకెట్ ఇటియ్యి" అన్నారు. స్టిక్కర్ మీద 514 గ్రాములని ఉంది. నేను ఫోన్లో క్యాలిక్యులేటర్ వెతుకుతున్నాను. చార్జింగ్ 9 శాతం.

"కిలో తొంభై ఆరు. అరకిలోకి నలభై ఎనిమిది. పద్నాలుగు గ్రాములకి రూపాయి ముప్పై నాలుగు పైసలు. ఆ పైసలెందుకులేమ్మా, నలభై తొమ్మిది ఇవ్వు."

నేనింకా ఫోను తాళం తీస్తూనే ఉన్నాను.

"మరి జీఎస్టీ ఎలా కలపాలి తాతగారూ?" అని నీరసంగా అడిగాను.

ఆయన సబ్బు పెట్టె తిప్పి నా ముక్కు దగ్గర పెట్టారు. "ఎమ్మార్పీ పక్కన ఏం రాసుందిరా? అన్ని పన్నులూ కలిపి అని కాదూ? డిగ్రీ చదివావు కదా, అదీ చదువు."

సరే, ప్యాకెట్ల సంగతి తేలింది. విడి సరుకు తూచే దగ్గర ఇంకో పంచాయితీ. కరెంటు లేకపోయినా ఆ కాటాకి లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది పనిచేస్తోంది. కాకపోతే చీకట్లో ఎవరో దాని పళ్లెం కాస్త పక్కకి జరిపారు. ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 40 గ్రాములు చూపిస్తోంది. బెల్లం కొనడానికొచ్చిన ఒకావిడ అది చూసి, "అయితే నేనేమీ కొనకపోతే నలభై గ్రాములు నువ్వే బాకీనా అబ్బాయ్?" అంది. తూచే కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు.

ఇంత గందరగోళంలోనూ ఏమీ పట్టనట్టు పనిచేసింది ఫోన్ పేమెంట్ల డబ్బా ఒక్కటే. దానికి సొంత సిమ్ము, సొంత బ్యాటరీ. "నాలుగు వందల పన్నెండు రూపాయలు అందాయి" అని గట్టిగా అరిచింది. ముగ్గురు ఒకేసారి "నాదే" అన్నారు. ముగ్గురి ఫోన్లూ పట్టుకుని చూస్తే అసలు పంపినవాడు ఎవరో నాలుగోవాడు, అప్పటికే బండి స్టార్ట్ చేస్తున్నాడు. సెక్యూరిటీ తాత దొంగని పట్టినట్టు వెంటపడి పట్టుకుని, "నువ్వు కట్టావయ్యా, నువ్వే కట్టావు" అని అతన్ని మళ్లీ లోపలికి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఇప్పటికీ నాకర్థం కాలేదు.

మధ్యలో ఓనరు గారు ఐస్‌క్రీం డబ్బాలు కరిగిపోతాయని పిల్లలందరికీ తలా ఒక కప్పు పంచారు. ఆయన చేసిన మంచిపని అదొక్కటే. పిల్లల లెక్కలోకి సెక్యూరిటీ తాత కూడా రెండుసార్లు వచ్చాడు.

7:20కి కరెంటు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. కంప్యూటర్ మాత్రం డిస్కు చెక్ చేసుకుంటానని ఇరవై నిమిషాలు కూర్చుంది. తీరా లేచాక స్కానర్ లేవలేదు. అంటే బార్‌కోడు కింద ఉండే అంకెలు నేనే టైప్ చేయాలి. ఒక్కో దానికి 13. మన దేశంలో రిజిస్టరైన కంపెనీలవి కాబట్టి చాలావరకు 890తో మొదలవుతాయి, అదొక్కటే ఊరట. చివరి అంకె ముందున్న 12 అంకెలని లెక్కగట్టి వేసింది. మధ్యలో ఒక్కటి తప్పు కొట్టినా లెక్క కుదరదు, వస్తువు లేదు పొమ్మంటుంది. పొద్దుటి నుంచి చేతిలో ఉన్న కర్పూరాన్ని పట్టుకుని "లేదు" అంటే ఎలా ఉంటుంది? పొద్దుటి నుంచి కాదు, 6:40 నుంచి. నాకలా అనిపించింది.

ఆ 43 వస్తువులావిడ ఇంకా అక్కడే ఉంది. 43 పదమూళ్లు 559. కొట్టాను. అన్నీ కొట్టి ప్రింట్ నొక్కేసరికి రోలు అయిపోయింది.

కొత్త రోలు పెట్టాను. ప్రింటర్ గరగరమని తిరిగి, మూరెడు తెల్లకాగితం బయటికి పంపింది. మళ్లీ నొక్కాను. ఇంకో మూరెడు. ప్రింటర్ని చరిచాను, ఊదాను, దణ్ణం పెట్టాను. ఇంకో ముగ్గురికి కూడా తెల్లకాగితాలే వచ్చాయి. సెక్యూరిటీ తాత దగ్గరికొచ్చి, రోలు చివరని గోరుతో గీశాడు. ఏమీ పడలేదు. తిరగేసి గీశాడు. నల్లటి గీత పడింది.

"తిరగేసి పెట్టావు నాయనా."

ఈ ప్రింటర్‌లో సిరా ఉండదు. వేడికి నల్లబడే పూత కాగితానికి ఒకవైపే ఉంటుంది. గోటితో గీసి చూసుకోవాలని చేరిన మొదటి రోజే చెప్పారు. చెప్పినప్పుడు ఆ తాత పక్కనే ఉన్నాడు కాబోలు.

అప్పటికే 43 వస్తువులావిడ తన తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పర్సులో వేసుకుని వెళ్లిపోతోంది. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే మళ్లీ వస్తుంది. పిలవలేదు.

మర్నాడు పదకొండింటికి ఆవిడే వచ్చింది, పట్టుచీరలో, చేతిలో రెండు కొబ్బరి చిప్పలతో. లోపలంతా నల్లగా ఉంది.

"వ్రతం కాయ కుళ్లింది" అంది.

"కుళ్లితే దిష్టి పోయినట్టేనమ్మా" అన్నారు ఓనరు గారు.

"పోయింది నా దిష్టి కాదండీ, నా డబ్బులు. బిల్లుంటేనే మారుస్తామని బోర్డు పెట్టారుగా, ఇదిగో బిల్లు" అని పర్సులోంచి తీసి, మడతలు విప్పి బల్ల మీద పరిచింది.

ఓనరు గారు అటు చూశారు, తిరగేసి ఇటు చూశారు, ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి చూశారు. ఆఖరికి నావైపు చూశారు.

"మనదేనండీ" అన్నాను, తల వంచుకుని.

ఆయన మాట్లాడకుండా గంపలోంచి ఇంకో కాయ ఏరి, చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్లు చప్పుడవుతున్నాయని చూసి మరీ ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ కదల్లేదు.

"మరి దీనికి బిల్లు?" అంది.