పాల చీటీ చదివే అక్క నిరక్షరాస్యురాలా?

చిత్తూరు జిల్లా పెనుమూరు వైపు ఒక ఊళ్లో తెల్లారి ఆరింటికి పాల కేంద్రం దగ్గర నిలబడ్డాను. పాలలో వెన్న శాతం అచ్చేసిన చీటీ మిషన్లోంచి వచ్చింది. అక్షరమ్ముక్క రాని అక్క దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, 'మూడున్నరే పడిందే, నిన్న నాలుగుండింది' అంది. వెనకున్న పెద్దామె ఊరుకోలేదు. 'కడాన ధారలు దూడకిడిస్తే వెన్న యాడ పడతాదిమే? మొదట తాపు, కడాన నువ్వు పిండుకో.' ఆవు చివర్లో ఇచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. ఎండుమేత తగ్గినా శాతం పడిపోతుంది. లీటరు ధర ఆ అంకెను బట్టి మారుతుంది కాబట్టి ఈ పాఠాన్ని ఎవరూ మరిచిపోరు.

జనాభా లెక్కల్లో మాత్రం ఈ అక్క నిరక్షరాస్యురాలే. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ రావాలన్నది అక్కడి కొలత. 2011లో ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత 71.5 శాతం. మిగిలినవాళ్లకు ఏమొచ్చో ఆ లెక్క చెప్పదు.

1990ల మొదట్లో మన జిల్లాలో నడిచిన అక్షరాస్యతా ఉద్యమానికి 'అక్షర తపస్మాన్' అని పేరు పెట్టారు. తపస్మాను మనకు చెప్పాలా! ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజుల భారతంలో అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ ఎక్కే ఎత్తైన మాను. పగలు హరికథ, రాత్రి నాటకం. బడి మొహం చూడని తాతలు ధర్మరాజు జూదం మీద వాదులాడుకునేది అక్కడే. పద్యం తప్పితే వేషగాడికి అందించే వాళ్లూ ఉంటారు. ఆ భారతం మిట్ట నుంచి పేరు తెచ్చుకున్నాం గానీ తర్వాతి పథకాలు మళ్లీ బడి గదికే పోయాయి. చిన్నపిల్లల బెంచీ మీద ముడుచుకు కూర్చుని 'అ' దిద్దాలంటే యాభై ఏళ్లామెకు సిగ్గుగా ఉండదా?

పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతిలో చదువుకున్న పాఠం తమ ఇంటి కథలాగే ఉండబట్టి ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

అట్లని ఊరి చదువంతా బంగారమేం కాదు. మామిడిలో తేనెమంచు పురుగుకు ఏ మందు, ఎన్ని మూతలు అంటే పక్క తోటాయన మాటే వేదం. ఆయన తప్పు చెబితే ఆ తప్పే నాలుగు తోటలకు పాకుతుంది. డబ్బా మీద మోతాదు చదవడానికైనా అక్షరం రావాలి.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ పథకం పదిహేనేళ్లు దాటినవాళ్లకు చదువు నేర్పుతానంటోంది. ఆ పాల అక్కకు చీటీ మీది అంకెలు వచ్చు. వాటి పక్కనున్న మాటలే ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగులో, కాస్త పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. పొద్దునా సాయంత్రం ఎటూ చేతికొచ్చే చీటీయే కదా.